స్కేలు మీద మూడో గీత

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. వత్తులు మింగేస్తాను, దీర్ఘాలు ఎక్కడ పడితే అక్కడ పెడతాను. మీరే సర్దుకుని చదువుకోండి. ఒక్క పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. అందుకని కథ ఎక్కడైనా కాళ్ళీడ్చినట్టు నడిస్తే, అది నా చేతి తప్పే కానీ కథ తప్పు కాదు.

ఆకాశం కిందికి దిగిందని, అది కూడా సరిగ్గా కోడలు ఉద్యోగంలో చేరిన నెల నుంచే దిగిందని ఆఫీసరు అన్నప్పుడు ఆ కోడలు పిల్ల పకపకా నవ్వింది. గదిలో ఇంకెవరూ నవ్వలేదని గమనించేసరికి నోరు మూసుకోవడానికి కూడా ఆలస్యమైపోయింది.

"నవ్వులాట కాదమ్మా," అన్నాడు ఆఫీసరు. ఒక పెద్ద కాగితం బల్ల మీద పరిచాడు. "పెద్దాఫీసు వాళ్ళు పంపారు. ఇదిగో, మీ మామగారు చదివిన ఏళ్ళన్నీ. గీత చూడు, ఎంత మర్యాదగా ఉందో. ఇక్కడ ఆయన రిటైరయ్యాడు. ఇక్కడ నువ్వు కూర్చున్నావు. ఇక్కడ మెట్టు దిగినట్టు దబ్బున దిగింది."

నిజమే. గీత అలలు అలలుగా వచ్చి, ఆ అమ్మాయి చేరిన చోట గడప దాటినట్టు కిందికి దిగింది.

వాళ్ళు చేసే పని ఏమిటో చెప్పాలి. ఊరి చివర కంచె లోపల రెండు గదుల స్టేషను, దాని వెనక ఎత్తయిన ఇనుప స్తంభాలు, వాటి మధ్య తీగలు. ఆ తీగల్లోంచి రేడియో తరంగం నిటారుగా పైకి పోతుంది. మబ్బులకీ విమానాలకీ ఎంతో పైన, రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున, ఎండ దెబ్బకి గాలి చిట్లి కరెంటు నిండిన పొర ఒకటి ఉంటుందట. తరంగం దానికి తగిలి, గోడకి కొట్టిన బంతిలా వెనక్కొస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే పొర ఎంత ఎత్తున ఉందో తెలుస్తుంది. యంత్రం ఇదంతా ఫిల్ము మీద గీస్తుంది. అడుగున తిన్నగా ఉండేది నేలగీత, పైన వంకీ తిరిగి ఉండేది పొర. అడుగున బల్బు వెలిగే అద్దం బల్ల మీద ఆ ఫిల్ము పరిచి, దాని మీద స్కేలు పెట్టి, స్కేలు సున్నాని నేలగీత మీద కూర్చోబెట్టి, వంకీ అడుగంచు ఎక్కడ తగిలిందో అంకె రాయాలి. అంతే పని. వేరే చోట్ల కంప్యూటర్లు చదివేస్తున్నా ఇక్కడ మాత్రం పాత పద్ధతి మార్చలేదు. పద్ధతి మారిస్తే పాత అంకెల పక్కన కొత్త అంకెలు పెట్టి చూడటం కుదరదని.

ఆ అంకెలు ముప్పై ఏళ్ళు చదివిన మనిషి మామగారు. ఊళ్ళో అందరూ ఆయన్ని స్కేలుగారు అంటారు. ఆయన కుర్చీలోకి కోడలు పరీక్ష రాసి, ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చింది. అయినా "మామగారి కుర్చీ కోడలికి" అని స్టేషను కాపలాదారు దగ్గర్నుంచి అందరూ ఒక రకంగా నవ్వేవాళ్ళు.

"పెద్దాఫీసు నుంచి తనిఖీకి ఒకావిడ వస్తోంది," అన్నాడు ఆఫీసరు కాగితం చుట్టేస్తూ. "నువ్వింకా ట్రయల్లో ఉన్నావు. తప్పు నీ కంటిదని తేలితే ఉద్యోగం పక్కా అవడం కల్ల. ఇప్పుడే చెబుతున్నాను, తర్వాత నన్ననుకోకు."

"తప్పు యంత్రానిదైతేనో సార్?"

"యంత్రానికి మామగారు లేరు కదమ్మా," అన్నాడాయన.

ఆ మాట ఆమెకి ముల్లులా దిగింది. ఆఫీసరుకి ఎవరో మేనకోడలుందని, ఈ ఖాళీ కోసం కాచుక్కూర్చుందని కాపలాదారు ఒకసారి అన్నాడు. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ మేనకోడలు ఎలా ఉంటుందో కూడా కళ్ళముందు కనపడసాగింది.

సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పింది. చెబుతూ మామగారి మొహమే చూసింది. ఆయన కంచంలోంచి తలెత్తలేదు.

"మనిషి మారితే ఆకాశం మారుతుందా అమ్మాయ్?" అన్నాడు. "నీ చూపు నిలవట్లేదు. ఫోను చూసిన కళ్ళతో ఫిల్ము చూస్తే ఇంతే."

"డ్యూటీలో ఫోను ముట్టుకోను మామయ్యా."

"మరయితే నిద్ర కళ్ళు."

"ఆ పిల్ల కళ్ళకేం?" అంది అత్త గిన్నె దించుతూ. "మొన్న మీ చొక్కా గుండీ కుట్టడానికి మీరు ఎక్కించలేని దారం సూదిలో తనే ఎక్కించింది. కళ్ళ సంగతి ఈ ఇంట్లో మీరు మాట్లాడకూడదు."

ఆ అమ్మాయి మొగుడు బస్సు డ్రైవరు. రోజంతా జనం కేకలు విని వచ్చి ఇంట్లో నోరు మెదపడు. "ఇంట్లో రెండు పార్టీలు లేచాయి. నేను మాత్రం స్వతంత్ర అభ్యర్థిని," అని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి కోడలికి ఎవర్ని చూసినా అనుమానమే. మొదటి అనుమానం మెకానిక్కు మీద పడింది. యంత్రంలో ఒక మర ఉంది, దాన్ని వెంట్రుకంత తిప్పితే వంకీ కిందికో మీదికో జరుగుతుంది. ఆఫీసరూ మెకానిక్కూ ఒకే గ్లాసులో టీ పంచుకునేంత స్నేహం. ఆమె ఎవరూ లేనప్పుడు ఆ మర పక్కన, అది ఉన్న చోటే, పెన్సిలుతో చిన్న చుక్క పెట్టింది.

మూడోరోజు మెకానిక్కు గుమ్మంలో నిలబడి, "నా యంత్రానికి మొటిమ లేచిందేంటమ్మా?" అన్నాడు.

ఆమె చేతిలోని పెన్సిలుని వెనక్కి దాచుకుంది.

"అనుమానముంటే అడగొచ్చుగా! ఆ మర జోలికి వెళ్ళాలంటే సీలు తియ్యాలి. సీలు మీద పెద్దాఫీసు ముద్ర ఉంది, చూసుకో. నేను కాదు, మా తాతొచ్చినా తిప్పలేడు." వెళ్ళిపోతూ ఆగి, గొంతు తగ్గించాడు. "నన్నడిగితే యంత్రాన్ని చూడకు. స్కేలుని చూడు. మీ మామగారు తన స్కేలు స్టోరుకి అప్పగించలేదు, తెలుసా? విరిగిపోయిందని రాసిచ్చాడు. అందుకే నీకు కొత్తది ఇచ్చారు. మరి విరిగిన ముక్కలేవీ అంటే, 'పారేశాను' అన్నాడు. చెంచా కూడా పారెయ్యని మనిషి!"

కానీ ఆ స్కేలు విరగలేదని కోడలికి తెలుసు. ఇంట్లో కళ్ళజోడు పెట్టెలో ఉంటుందది. మామగారు మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చుని దాన్ని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూస్తుంటాడు. ముసలాయనకి పాత సామాను మీద మోజు, పోనీలే అనుకుందిన్నాళ్ళూ.

"మామయ్యా, మీ స్కేలు ఒకసారి ఇస్తారా? నాదాని పక్కన పెట్టి చూస్తాను," అని తిన్నగానే అడిగింది ఆ పూట.

"దేనికి?" అన్నాడాయన. పెట్టె జేబులోకి వెళ్ళింది. "నీ స్కేలు నీకుంది. నా ముచ్చట నాకుండనీ."

ఆ జవాబు కన్నా, పెట్టె జేబులోకి వెళ్ళిన వేగమే ఆమెని నిద్ర పోనివ్వలేదు. ఆ తర్వాత ఆయన స్నానానికి వెళ్ళినా పెట్టెని చొక్కాతో పాటు లోపలికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు.

ఆదివారం మంగలి దుకాణానికి వెళుతూ ఒక్కసారి మర్చిపోయాడు. మర్చిపోయాడో, అత్తే చొక్కా మార్చి ఇచ్చిందో మనకెందుకు. కోడలు కూరలు తరుగుతుంటే అత్త వచ్చి కళ్ళజోడు పెట్టెని కత్తిపీట పక్కన పెట్టింది.

"అత్తయ్యా, ఇదేంటి?"

"పెళ్ళయినప్పట్నుంచీ నా మొహం కంటే దీన్నే ఎక్కువ చూశాడు. అందులో ఏముందో నాకూ తెలియాలి. నాకు చదువు రాదు, నువ్వు చూసి చెప్పు. గడ్డం గీయించుకుని వచ్చేలోపు కానియ్."

కోడలు తన స్కేలు బ్యాగులోంచి తీసింది. రెంటినీ కిటికీ అద్దం మీద ఒకదాని పక్కన ఒకటి ఆనించింది. పొడవు సమానం. కొస నుంచి కొస దాకా అంకెకి అంకె, గీతకి గీత సరిపోయాయి. హమ్మయ్య అనుకుంటూ దించబోయింది. అప్పుడు వెలుతురు పక్కగా పడి, పాత స్కేలు మీద సున్నాకి కొంచెం పైన సన్నటి గీట్లు మెరిశాయి.

మూడు గీట్లు. సూది మొనతో గీసినవి. ఒకదాని పైన ఒకటి, వెంట్రుక వెంట్రుక దూరంలో. కింది రెండింటిలో కొవ్వొత్తి మైనం రుద్ది కనపడకుండా చేశారు. మూడోదాంట్లో మాత్రం నల్ల సిరా నింపి ఉంది.

ఆమెకి అర్థమవడానికి కాసేపు పట్టింది. నేలగీత మీద సున్నాని కాకుండా ఈ గీటుని కూర్చోబెడితే స్కేలు మొత్తం కిందికి జరుగుతుంది. వంకీ ఎక్కువ అంకె మీద పడుతుంది. పొర ఉన్నదానికంటే ఎత్తుగా ఉన్నట్టు లెక్కలోకి ఎక్కుతుంది. ఒక్కో గీటుకీ రెండేసి కిలోమీటర్లు.

"ఏముందే?" అంది అత్త.

"మామయ్య సున్నాని జరిపారత్తయ్యా. మూడుసార్లు."

"సున్నా అంటే ఏమీ లేదనేగా. ఏమీ లేనిదాన్ని జరిపితే ఏం కొంప మునిగింది?"

"నా కొంపే," అంది కోడలు.

పెట్టె ఎక్కడిదక్కడ పెట్టేశారు. కానీ లోపల తుడుపుగుడ్డ మడత మారిపోయింది. ఆయన ఆ మడత చూశాడు. భోజనాల దగ్గర అన్నం వడ్డిస్తున్న గరిటె చప్పుడు కూడా ఎవరి గుట్టో బయటపెడుతున్నట్టు వినపడింది. కొడుకు ఒకసారి అందర్నీ చూసి, "ఎవరైనా పోయారా?" అని అడిగి, తినేసి లేచాడు.

కోడలు గిన్నెలు కడుగుతుంటే మామగారు వంటగది గుమ్మంలోకి వచ్చాడు. వంటగదిలోకి మంచినీళ్ళకి కూడా రాని మనిషి.

"చూశావు," అన్నాడు.

"చూశాను."

"ఆఫీసరుకి చెబుతావు."

"ఎందుకు చేశారు మామయ్యా?"

ఆయన వంటగట్టు మీద నీళ్ళ చుక్కల్ని వేలితో గీత గీస్తూ చెప్పాడు. సూర్యుడికి మంచి రోజులూ మందకొడి రోజులూ ఉంటాయట. పదకొండేళ్ళకోసారి బాగా రగిలి, మళ్ళీ చల్లబడతాడట. రగిలినప్పుడు పొర పైకి లేస్తుంది, చల్లబడినప్పుడు దిగుతుంది. ఆయన చేరినప్పుడు సూర్యుడు చల్లగా ఉన్నాడు. పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ చల్లబడితే పొర మళ్ళీ అదే ఎత్తుకి రావాలి. రాలేదు. కొంచెం కిందికి వచ్చింది.

"ఆకాశం ఎక్కడికి పోతుంది అమ్మాయ్? అద్దం బల్ల వేడికి స్కేలు సాగిందనుకున్నాను. సాగిన స్కేలు తక్కువ చూపిస్తుంది. సరిచేశాను. కొన్నేళ్ళకి మళ్ళీ తగ్గింది. మళ్ళీ సరిచేశాను. ఆ తర్వాత ఇంకోసారి. నేను తప్పుడు లెక్క రాయలేదు. తప్పుడు స్కేలుని దారిలో పెట్టాను."

"స్కేలు సాగితే కొత్తదానికంటే పొడుగుండాలిగా. రెండూ సమానంగా ఉన్నాయి మామయ్యా. పక్కన పెట్టి చూశాను."

ఆయన వేలు ఆగిపోయింది.

"సాగిందనే నమ్మితే, విరిగిందని స్టోరులో ఎందుకు రాసిచ్చారు?"

ఆయన మొహం కందగడ్డయింది. "నిన్నగాక మొన్న కూర్చున్నదానివి, నాకు నేర్పుతావా!" అని అరిచి వెళ్ళిపోయాడు. అత్త గది తలుపు వెనక నిలబడి అంతా వింది. ఆయన అబద్ధమాడినప్పుడే అరుస్తాడని ఆమెకి బాగా తెలుసు. కానీ ఈసారి ఆయన అబద్ధం ఎవరితో ఆడుతున్నాడో మాత్రం తెలియలేదు.

తనిఖీకి వచ్చినావిడ నడివయసు మనిషి, తెల్ల చీర, జుట్టు ముడి. నవ్వదు. ఎవరు మాట్లాడినా వాళ్ళ మొహం కాకుండా చేతులు చూస్తుంది. వచ్చీ రాగానే, "పాత ఆయన్ని కూడా పిలిపించండి. ఇద్దరూ నా ఎదురుగా ఒకే ఫిల్ములు చదవాలి," అంది.

స్కేలుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆఫీసరు లేచి నిలబడి కుర్చీ లాగాడు. "రండి మాస్టారూ. మీరొచ్చారు కాబట్టి ఇక తేలిపోతుంది."

మామగారు జేబులోంచి పెట్టె తీశాడు. కోడలు ఆయన వైపు చూసింది. ఆయన చూడలేదు.

"విరిగిపోయిందన్న స్కేలు అదేనా?" అన్నాడు మెకానిక్కు గోడకి చేరబడి.

"అతుక్కుంది," అన్నాడు మామగారు, చూపు తిప్పకుండా.

ఈ మధ్య తీసిన ఫిల్ములు ఒక్కొక్కటే బల్ల మీదికి వచ్చాయి. ముందు ఆయన, తర్వాత ఆమె. ప్రతిసారీ ఆయన అంకె పెద్దది, ఆమె అంకె చిన్నది. ప్రతిసారీ తేడా ఒక్కటే, ఆరు కిలోమీటర్లు. ఆఫీసరు మొహం వికసిస్తోంది. తనిఖీ ఆవిడ కోడలి చేతుల వైపు చూసింది. అవి స్కేలు సున్నాని నేలగీత మీద మళ్ళీ సరిచూస్తున్నాయి.

"తప్పు నిలకడగా ఉంది," అందావిడ. "చూపు తప్పయితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి. ఇద్దరిలో ఎవరో ఒకరు ఒక పద్ధతి ప్రకారం తప్పు చదువుతున్నారు. ఎవరు?"

మాట కోడలి నాలుక చివరి దాకా వచ్చింది. గీట్లు చూడండి అంటే చాలు, ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఆ మాట తన నోటి నుంచి వస్తే, ఆ ఇంట్లో మళ్ళీ ఏ మొహంతో అన్నం వడ్డిస్తుంది? చెప్పకపోతే ఆ కుర్చీలో రేపు మేనకోడలు కూర్చుంటుంది, మామయ్య స్కేలే ఒప్పని తేలి, కొన్నేళ్ళలో దాని మీద నాలుగో గీటు కూడా పడుతుంది.

"మేడమ్," అంది చివరికి. "మామయ్య చేరిన కొత్తలో తీసిన ఫిల్ము ఒకటి ఇవ్వండి. ఆయన్నే చదవమనండి. అప్పుడు ఆయన చదివిన అంకె మీ అచ్చు పుస్తకంలో ఉంటుంది. అదే ఫిల్ము, అదే మనిషి, అదే స్కేలు. అదే అంకె రావాలి కదా."

తనిఖీ ఆవిడ మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. మామగారు కూడా.

తుప్పు పట్టిన డబ్బాలోంచి పాత చుట్ట తీశారు. ఫిల్ము కొంచెం పసుపెక్కింది. ఆయన దాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో మెల్లగా నిమిరాడు. ఆ నిమరడం చూసి కోడలికి భయం వేసింది. ఆయన ఇప్పుడు ఏమైనా చెయ్యగలడు. స్కేలు మూడో గీటుని వదిలేసి పాత సున్నాని నేలగీత మీద పెడితే చాలు, అచ్చు పుస్తకంలోని అంకె అచ్చంగా వచ్చేస్తుంది. ఎవరికీ తెలియదు. ఆమెకి తప్ప.

ఆమె ఆయన బొటనవేలినే చూసింది. వేలు స్కేలుని జరిపింది. సున్నా నేలగీత మీదికి వచ్చింది. ఆగింది. వేలు అక్కడే చాలాసేపు ఉంది, ఎవరో పిలిస్తే విందామన్నట్టు. తర్వాత మెల్లగా ఇంకొంచెం కిందికి జరిగింది. నల్ల సిరా గీటు నేలగీత మీద కూర్చుంది.

ఆయన అంకె చెప్పాడు.

తనిఖీ ఆవిడ పుస్తకం తిప్పింది. "ఇక్కడ మీరే ఆరు తక్కువ రాశారు."

"అవును," అన్నాడాయన. కోడలి వైపు చెయ్యి చాచాడు. "నీ స్కేలు ఇటివ్వమ్మా."

ఆ స్కేలు పెట్టి మళ్ళీ చదివాడు. అచ్చు పుస్తకంలో ఉన్న అంకె వచ్చింది. ఆయన రెండు స్కేళ్ళనీ ఒకదాని మీద ఒకటి పెట్టి తనిఖీ ఆవిడ ముందుకి తోశాడు.

"అమ్మాయి చదివింది ఒప్పు. నేను మూడుసార్లు సున్నా మార్చాను. పొర దిగుతుంటే స్కేలు చెడిందనుకున్నాను. చివర్లో..." మూడో గీటు మీద వేలు పెట్టాడు. "చివర్లో అనుమానం వచ్చింది, చెడింది స్కేలు కాదేమోనని. చెప్పడానికి నోరు రాలేదు. విరిగిందని రాశాను."

ఆఫీసరు కుర్చీలో కూలబడ్డాడు. "అంటే ఈ అమ్మాయి వచ్చాక ఆకాశం దిగలేదా?"

"ఎప్పట్నుంచో దిగుతోంది," అంది తనిఖీ ఆవిడ. "మిగతా చోట్ల దిగుతోంది, మీ స్టేషను ఒక్కటే దిగకుండా నిలబడింది. ఎందుకా అని మేం కొట్టుకుంటున్నాం."

"ఎందుకు దిగుతుంది మేడమ్?" అని అడిగింది మామగారే.

"పొయ్యిల్లోంచి, బళ్ళలోంచి వచ్చే బొగ్గు గాలి ఉంది చూశారా, అది ఇక్కడ కింద వేడిని పట్టి ఉంచుతుంది. పైన, గాలి బాగా పలచగా ఉన్నచోట, అదే బొగ్గు గాలి వేడిని బయటికి వదిలేస్తుంది. అందుకని పైభాగం చల్లబడుతోంది. మంట తగ్గిస్తే పొంగిన పాలు దిగుతాయి కదా, అలా. పైనున్న పొరలన్నీ కొద్దికొద్దిగా కిందికి కుంగుతున్నాయి."

"నేను పట్టుకుని నిలబెట్టాననుకున్నాను," అన్నాడు మామగారు. మెకానిక్కు నవ్వబోయి మానేశాడు.

కోడలి ఉద్యోగం ఆ వారంలోనే పక్కా అయింది. ఆయన మీద ఏం చర్య తీసుకుంటారోనని ఇంట్లో అందరికీ నిప్పుల మీద కూర్చున్నట్టుండేది. వచ్చిన శిక్ష ఒక్కటే. గీట్లు పడ్డాక చదివిన ఫిల్ములన్నీ సరైన సున్నాతో మళ్ళీ చదవాలి. కోడలు చదవాలి, ఆయన పక్కన కూర్చుని ఏ చుట్ట ఎప్పటిదో చెప్పాలి. జీతం లేదు.

రోజూ పొద్దున్నే ఇద్దరూ ఒకే గొడుగు కింద స్టేషనుకి వెళ్ళేవాళ్ళు. ఆమె చదివి అంకె చెబితే, "ఏదీ, ఇంకోసారి," అనేవాడాయన. ఆయన చదివితే ఆమె కళ్ళు ఆయన బొటనవేలి మీదే ఉండేవి. ఒకర్నొకరు నమ్మింది లేదు. ఆయన ఆమె చూపుని నమ్మడు, ఆమె ఆయన వేలుని నమ్మదు. ప్రతి ఫిల్మూ రెండుసార్లు చదవబడేది.

"ఇంకా అనుమానమేనా నా మీద?" అని ఒకరోజు ఆయన అడిగాడు.

"మీకు లేదా మామయ్యా నా మీద?"

"ఉంది."

"మరింకేం," అని ఆమె తర్వాతి చుట్ట తీసింది.

చివరి డబ్బా అయ్యేదాకా ఆయన ఉన్నాడు. ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. పాత స్కేలు పెద్దాఫీసు వాళ్ళు తీసుకెళ్ళారు. కళ్ళజోడు పెట్టె మాత్రం ఇంట్లోనే ఉంది. ఆ రోజుల్లో మధ్యాహ్నం వాళ్ళకి స్టేషనుకి అన్నం తీసుకెళ్ళినప్పుడు, డబ్బాల మీద అంటించిన చీటీల్ని కూడబలుక్కుంటూ, కోడలి పక్కన కూర్చుని, నేను అక్షరాలు నేర్చుకున్నాను.

ఇట్లు,
స్కేలుగారి భార్య,
వయసు డెబ్భై రెండు,
ప్రస్తుతం కోడలి క్వార్టర్సులో, వంటగది పక్క గదిలో ఉంటున్నాను.